చరిత్ర సినిమాలో ఇంటిల్లిపాదీ: ఒక క్రౌడ్ ఏజెంటు సర్వీసు ఎలా ఉందంటే

"ఫ్యామిలీలు కావలెను. చారిత్రక సినిమా. ముసలివాళ్లు, పిల్లలు ఉంటే మరీ మంచిది. రెండు రోజులు. బస్సు, టిఫిన్, భోజనం మావే." ఇలాంటి వాట్సాప్ మెసేజీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోకి అప్పుడప్పుడు వస్తూంటుంది. పంపేది సినిమా కంపెనీ కాదు, జూనియర్ ఆర్టిస్టులను సప్లై చేసే ఏజెంటు. కంపెనీకి తలల లెక్క చెప్పేది అతనే, మనకి డబ్బుల లెక్క చెప్పేదీ అతనే. ఇది అలాంటి ఒక ఏజెంటు సర్వీసు మీద రివ్యూ. పని కాకతీయుల కాలం నాటి సంత సీను. మనుషులు ఇద్దరు పెద్దవాళ్లు, తాత, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. ఏజెంటు పేరు రాయడం లేదు. ఇందులో చెప్పిన మంచీ చెడూ చాలావరకు ఈ లైన్లో అందరి దగ్గరా ఉన్నవే.

మార్కులు ముందే చెప్పేస్తే: భోజనానికి 5కి 5. బస్సుకి 4. కాస్ట్యూమ్స్‌కి 3. డబ్బు చేతికందే తీరుకి 2. టైముకి ఒకటిన్నర వేయడం కూడా మొహమాటమే. పిల్లల విషయంలో మార్కు వేయలేదు, ఎందుకో కింద ఉంది.

అసలు విషయం ఒకటి మొదట్లోనే తెలిసుంటే మిగతాదంతా తేలిక. ఇక్కడ కొనేది మీ నటన కాదు, వేషంతో సహా మీ 12 గంటలు. అందులో కెమెరా ముందు గడిచేది మహా అయితే గంట. మిగతా 11 గంటలూ ఎలా గడుస్తాయన్నదే సర్వీసు నాణ్యత. హీరో ఎవరు, డైరెక్టరు ఎవరు అన్న దాంతో దీనికి సంబంధమే లేదు.

ఒప్పుకునే ముందు

ఏజెంటు అడిగేవి: ఒక్కొక్కరివీ నిలువెత్తు ఫొటో ఒకటి, పక్క నుంచి తీసిన ముఖం ఫొటో ఒకటి, ఎత్తు, ఛాతీ, నడుము కొలతలు, ఆధార్ కాపీ. ఫొటోలకు ఫిల్టరు పెట్టకండి. మీ ముఖం అందంగా ఉందా లేదా అని అక్కడ ఎవరూ చూడరు, తల మీద తలపాగా పెడితే ఆ కాలం మనిషిలా ఉంటాడా లేదా అనే చూస్తారు. పెద్దమీసం తాత ఉన్న ఇంటికి ముందు ఫోన్ వస్తుంది. చురుకైన కాలేజీ కుర్రాడు, జుట్టుకి రంగు, చెవికి స్టడ్ అంటే చివర్న వస్తుంది, లేదా సైనికుల గుంపులో శిరస్త్రాణం కింద దాచేస్తారు.

రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు, ఐడీ కార్డు ఫీజు అంటూ ముందుగా ఒక్క రూపాయి అడిగినా ఆ మాట అక్కడితో ఆపేయండి. అసలైన ఏజెంటు తన కమిషన్ని మీ కూలిలోంచి పట్టుకుంటాడు గానీ ముందు వసూలు చేయడు. ఈ ఏజెంటు అడగలేదు. ఆ మేరకు నిజాయితీపరుడే.

యూనియన్ కార్డున్న జూనియర్ ఆర్టిస్టులకు రేట్లు సినీ కార్మికుల ఫెడరేషనూ నిర్మాతలూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నవి. 2025 ఆగస్టులో షూటింగులన్నీ ఆగిపోయింది ఆ వేతనాల పెంపు గురించే. కార్డు లేకుండా వచ్చే కుటుంబాలకు ఆ రక్షణ లేదు. వందల మంది కావాల్సిన రోజున, కార్డున్నవాళ్లు సరిపోకపోతే, ఖాళీ నింపడానికి పిలిచేవాళ్లం మనం. కృష్ణానగర్‌లో ఏళ్ల తరబడి తెల్లవారుజామున నిలబడి పని వెతుక్కునేవాళ్ల పక్కన సరదాకి వెళ్తున్నామన్న ఎరుక కూడా కాస్త ఉండాలి. బస్సులో కిటికీ సీటు కోసం వాళ్లతో తగవులాడే కుటుంబాలు కనిపిస్తుంటాయి కనుక చెప్పాల్సివస్తోంది.

ఒప్పుకునే ముందు మెసేజీలోనే, రాతపూర్వకంగా, ఇవి అడిగి పెట్టుకోండి. కాల్షీటు, అంటే ఒక రోజు పని షిఫ్టు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు. గంటలు లెక్కేసేది బస్సెక్కిన దగ్గర్నుంచా, సెట్లో సంతకం పెట్టిన దగ్గర్నుంచా. రాత్రి దాకా లాగితే ఒకటిన్నర కాల్షీటు ఇస్తారా. చెప్పిన మొత్తం కమిషన్ పోగానా, కలిపా. డబ్బు ఏ రోజున, ఎలా. ఈ ఏజెంటు మొదటి రెండింటికీ వెంటనే జవాబిచ్చాడు. మూడోదానికి "చూద్దాం సార్, కంపెనీ మంచిదే" అన్నాడు. ఆ జవాబుకి అర్థం రెండో రోజు రాత్రి 9 గంటలకి తెలుస్తుంది.

ఇంట్లో చేసుకోవాల్సినవి

ఏజెంట్లు చెప్పరు గానీ కాస్ట్యూమ్ టెంటులో పని సులువయ్యేది ముందే ఇంట్లో జరిగే తయారీతోనే. మగవాళ్లు మూడు వారాల ముందు నుంచి గడ్డం తీయకపోతే అతికించే గడ్డం బాధ తప్పుతుంది. ఆడవాళ్లు ఐబ్రో త్రెడింగ్ చేయించుకోకూడదు. దగ్గరి షాటులో కత్తిరించిన కనుబొమ్మ ఇట్టే దొరికిపోతుంది. గోళ్ల రంగు తుడిచేయాలి. కోన్ మెహందీ ఉంటే ఆ చేతులకి ఫ్రేములో చోటు లేదు. స్టిక్కరు బొట్టు వద్దు, కుంకుమే. పొద్దున్నే వాచీ తీసేస్తే సరిపోదు, మణికట్టు మీద తెల్లటి పట్టీలా మచ్చ మిగిలుంటుంది. దానికి పాన్‌కేక్ మేకప్ రాస్తారు, చెమటకి రెండు గంటల్లో కారిపోతుంది. నాలుగు రోజుల ముందు నుంచే వాచీ కట్టకపోవడం మేలు.

ఎవరికీ తట్టనిది టీకా మచ్చ. జబ్బ మీద గుండ్రంగా ఉండే ఆ గుర్తు 13వ శతాబ్దం మనిషికి ఉండే అవకాశమే లేదు. ఉత్తరీయం ఆ భుజం మీదికి వేసుకుంటే చాలు. మేకప్‌మ్యాన్ వందలమందిలో మీ జబ్బ చూసేదాకా ఆగకుండా మీరే వేసేసుకోండి.

నగలు, నల్లపూసలు ఇంట్లోనే వదిలెయ్యాలి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్లు ఆ రెండు రోజులకీ పసుపుతాడుకి మార్చుకుంటే ఏ కాలం సినిమాకైనా ఇబ్బంది ఉండదు. కళ్లజోడు లేనిదే అడుగు వేయలేనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మెట్లున్న సెట్లో నడిపిస్తారు.

సంచిలో పెట్టుకోవాల్సినవి: డజను పిన్నీసులు, నూలు నాడా నాలుగు గజాలు, చిన్న సీసాతో కొబ్బరినూనె, పాత బనియన్ గుడ్డ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి రెండు, పాత హవాయి చెప్పులు, పిల్లలకి పేకముక్కలో పుస్తకమో. మగవాళ్ల లోదుస్తు తెలుపో గోధుమరంగో ఉండాలి. నల్లదైతే పల్చటి పంచెలోంచి కనబడుతుంది, అసిస్టెంటు డైరెక్టరు మైకులోనే చెబుతాడు.

బస్సు

కృష్ణానగర్ నుంచి తెల్లవారి 5 గంటలకి. రామోజీ ఫిల్మ్ సిటీ నగరానికి అవతల, విజయవాడ హైవే మీద. 1996లో మొదలైన ఆ స్టూడియో విస్తీర్ణానికి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది గనుక, గేటు దాటాక కూడా ప్రయాణం ఉందని గుర్తుంచుకోవాలి. బస్సు చెప్పిన టైముకి వచ్చింది, సీట్లున్నాయి, తిరుగు ప్రయాణంలో ఆడవాళ్లను దింపాకే మగవాళ్లను దింపారు. నాలుగు మార్కులూ అందుకే. సొంత కారులో వస్తామంటే ఏజెంటు ఒప్పుకోలేదు. లిస్టులో టిక్కు బస్సు మెట్టు మీదే పెడతాడు, టిక్కు లేనివాళ్లకి కంపెనీ డబ్బు కట్టదు.

కాస్ట్యూమ్ టెంటు

కుటుంబం ఇక్కడే చీలిపోతుంది. మగవాళ్లకొక టెంటు, ఆడవాళ్లకొక టెంటు. పిల్లలు తల్లితో. ఆపైన కాస్ట్యూమ్ అసిస్టెంటు ఎవరికి ఏ బట్ట విసిరితే వాళ్లా కులవృత్తివాళ్లయిపోతారు: తాత నూనె అమ్మేవాడు, కొడుకు కావలివాడు, కోడలు పూలమ్మి, నాయనమ్మ గుడి మెట్ల మీద. ఒకే ఫ్రేములో ఉందామనుకుంటే ఆశ వదులుకోండి. "మేమంతా ఒకే ఇల్లు" అని బట్టలు ఇచ్చే ముందు చెబితే పది సార్లలో మూడుసార్లు వింటారు. బట్టలిచ్చాక చెబితే వినరు, కంటిన్యుటీ ఫొటో (షాటు షాటుకీ వేషం మారకుండా చూసుకోవడానికి తీసేది) అప్పటికే తీసేసి ఉంటారు.

పంచె సంగతి వివరంగా చెప్పాలి, ఎక్కువ ఇబ్బంది దానితోనే. ఇచ్చేది 8 మూరల పంచె, అంటే సుమారు మూడున్నర మీటర్లు పైచిలుకు. మధ్యభాగం నడుం వెనక ఉండేలా పట్టుకుని, ముందు బిగించి ముడి వేయాలి. కుడి కొసను కుచ్చిళ్లు పోసి బొడ్డు దగ్గర దోపాలి. ఎడమ కొసను కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి, సాపుగా మడిచి, నడుం వెనక దోపాలి. ఇంతవరకూ పెళ్లిళ్లలో కట్టుకున్నవాళ్లకి తెలిసిందే. తేడా ఎక్కడంటే, సంత సీనులో 40 సార్లు గొంతుక్కూర్చుని లేవాలి. మూడోసారికే వెనక దోపు జారుతుంది. దాని మీద నుంచి నూలు నాడా రెండు చుట్లు చుట్టి బొడ్డు పక్కన ముడి వేసి, పైన పంచె అంచు ఒక మడత కిందికి దింపితే నాడా కనబడదు, సాయంత్రం దాకా కదలదు. బెల్టు మీద కట్టనివ్వరు, బకిల్ ఉబ్బు తెలిసిపోతుంది.

ఆడవాళ్లకి గోచీ కట్టు. దానికి 8, 9 గజాల చీర కావాలి. ఈ సెట్లో సగం మందికి మామూలు ఆరు గజాల చీరలే వచ్చాయి. ఆరు గజాల చీరతో గోచీ పోస్తే పైట భుజం దాకా అందదు, అందితే పిక్కలు బయటపడతాయి. తక్కువ పడ్డవాళ్లకి వేరే గుడ్డ పైటలా కుట్టి అతికించారు. దూరం నుంచి తేడా తెలియదు, కూర్చుంటే కుట్టు పిగిలిపోతుంది. కాస్ట్యూమ్స్‌కి రెండు మార్కులు పోయింది ఇక్కడే. తెలంగాణ పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్లకి గోచీ కట్టు చేతిలో విద్య. అలాంటి నాయనమ్మ ఒకరుంటే టెంటులో పాతికమంది ఆమె చుట్టూ చేరతారు, కాస్ట్యూమ్ అక్క ఆమెకి కుర్చీ వేస్తుంది, రెండు టీలు ఎక్కువ వస్తాయి.

గోచీ కట్టాక బాత్రూముకి వెళ్లడం అంటే మొత్తం విప్పి కట్టడమే. కట్టించుకునే ముందే వెళ్లిరండి. దీనికి భయపడి నీళ్లు మానేసేవాళ్లు ఉంటారు. మధ్యాహ్నం కళ్లు తిరిగి పడేది సరిగ్గా వాళ్లే.

గడ్డం, మీసం అతికించేది స్పిరిట్ గమ్ అనే జిగురుతో. ముందుగా చెవి వెనక ఒక చుక్క రాయించుకుని పది నిమిషాలు చూడాలి. మంట, దద్దురు వస్తే "నాకొద్దు" అని గట్టిగా చెప్పొచ్చు, మీసం లేకుండా వెనక వరసలో నిలబెడతారు, అంతే. గమ్ము పూర్తిగా ఆరకముందే వెంట్రుక అతికించాలి గానీ మరీ తడి మీద కాదు, వేలితో తాకితే జిగురు సాగే దశలో. క్రౌడ్ రోజున మేకప్‌మ్యాన్‌కి అంత ఓపిక ఉండదు, తడి మీదే అంటిస్తాడు, పై పెదవి చెమటకి గంటలో ఒక కొస లేస్తుంది. లేచిన కొసను పీకకూడదు. అతన్నే పిలిచి అతికించమనాలి. సాయంత్రం తీసేటప్పుడు పొడిగా లాగితే చర్మం లేచొస్తుంది. కొబ్బరినూనె అద్ది రెండు నిమిషాలు ఆగి, కొస నుంచి మెల్లగా తడి గుడ్డతో తోస్తూ పోతే మెత్తగా వచ్చేస్తుంది.

సైనికుల్లో పడితే ఇంకో లోకం. కత్తి రబ్బరుదో ఫైబరుదో, బరువు ఉండదు. శిరస్త్రాణం ఫైబరు, లోపలి అంచు గరుకు, నుదుటి మీద గీత పడుతుంది. పాత బనియన్ గుడ్డ మడిచి లోపల పెట్టుకోవడానికే తెచ్చుకోమన్నది. కవచం కింద గాలి ఆడదు, ఏప్రిల్, మే ఎండలో అది వేసుకుని రెండు గంటలు నిలబడితే ఎంత గట్టివాడికైనా ఓఆర్ఎస్ తప్పదు.

సెట్టు, సంత

కాకతీయుల కాలం సంత అన్నారు గనుక ఒక మాట. ఆర్ట్ డిపార్ట్‌మెంటు పని చూడముచ్చటగా ఉంది. రాతి స్తంభాల మీద గీతలు సైతం పోతపోసినట్టున్నాయి. అవి ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫైబరు. ఆనుకోవద్దు. వెనక కర్ర దన్ను మీద నిలబడి ఉంటాయి, పిల్లలు ఎక్కితే స్తంభంతో సహా వస్తారు.

కానీ గంపల్లో పోసింది ఎండుమిరపకాయలు. పక్క దుకాణంలో వేరుశనగ, మొక్కజొన్న కంకులు. పూలమ్మి ముందు బంతిపూల రాశి. రుద్రమదేవి 13వ శతాబ్దం మనిషి. మిరప, వేరుశనగ, మొక్కజొన్న, టమోటా, బొప్పాయి, బంతి అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి, పోర్చుగీసు ఓడలు 1498లో కేరళ తీరం చేరకముందు మన దేశంలో వాటి ఊసు లేదు. ఓరుగల్లు సంతలో కారం అంటే మిరియాలు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకి అభయశాసనం ఇచ్చాడు. అలాంటి రేవు ఉన్న రాజ్యంలో గంపల నిండా మిరియాలు, చందనం, కర్పూరం పోసుంటే చూడ్డానికీ బాగుండేది. పూలకి తామర, జాజి, సంపెంగ ఉండనే ఉన్నాయి. ఇది ఏజెంటు తప్పు కాదు, మార్కు తీయలేదు. గంప పట్టుకునేది మీరే గనుక, తెలిసుంటే ఆర్ట్ అసిస్టెంటుకి మెల్లగా ఒక మాట అనొచ్చు. పెద్ద షాట్లు కాకముందు చెబితే మార్చేవాళ్లుంటారు. హీరో కారవాన్ దిగాక చెబితే మిమ్మల్నే మారుస్తారు.

షాటు

మీ పని పేరు "పాసింగ్". హీరోయిన్ సంతలో నడుస్తుంటే ఆమె వెనక, ముందు మనుషులు అటూఇటూ వెళ్లాలి. అసిస్టెంటు డైరెక్టరు ఒక్కొక్కరికి బయలుదేరే చోటు, చేరే చోటు చూపిస్తాడు. నేల మీద గుర్తు పెట్టుకోండి, రాయో గంపో. "యాక్షన్" అనగానే పరిగెత్తకూడదు. మీ బ్యాచ్‌కి సైగ వచ్చాకే కదలాలి. "కట్" అన్నా అక్కడే నిలబడాలి, "వన్ మోర్" అంటే మొదటి చోటుకి వెనక్కి రావాలి. కెమెరాలోకి ఒక్క చూపు చాలు షాటు పోవడానికి. మైకులో అందరి ముందూ వినబడుతుంది: "ఏయ్ తెల్ల తలపాగా అన్నా, ఇటు చూడకు, నీ బర్రె అటుంది!"

గంప ఎడమ చంకలో పెట్టుకుని మొదటి టేకు చేస్తే చివరి టేకు దాకా ఎడమ చంకలోనే. ఈ సూత్రం పిల్లలకి ఎక్కదు. చేతికి అరటిపండు ఇచ్చి "తింటూ కూర్చో నాన్నా" అన్నారనుకోండి, మొదటి టేకులో పండు అయిపోతుంది, రెండో టేకుకి చేతిలో తొక్క. అసిస్టెంటు ఇంకో పండు తెస్తాడు, ఆరో టేకుకి పిల్లాడికి కడుపునొప్పి. తినే పని ఇస్తే కొరికినట్టు మాత్రమే చేయమని ఇంట్లోనే నేర్పి తీసుకెళ్లాలి.

మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే సెట్టయితే సంతలో అరుపులూ ఉత్తుత్తివే. నోరు కదపాలి, గొంతు రాకూడదు. తర్వాత డబ్బింగ్ చెప్పేదైతే అరవొచ్చు. ఏదో ముందే అడగండి. కాలి పట్టీలు మోగితే మొదటి రకం సెట్లో షాటు మీ వల్లే ఆగుతుంది.

మధ్యాహ్నం ఒక వింత పని చెబుతారు. కెమెరాని కదలకుండా బిగిస్తారు. జనాన్నంతా ఎడమ మూలకి తోసి తీస్తారు. తర్వాత అదే జనాన్ని మధ్యకి, తర్వాత కుడికి, తర్వాత వెనక గోడ దగ్గరికి. ప్రతిసారీ తలపాగాలు, ఉత్తరీయాలు మార్చుకోమంటారు. ఆ ముక్కలన్నీ కంప్యూటర్లో కలిపితే 200 మంది 800 మందవుతారు. కొత్తవాళ్లు దీన్ని టైంపాస్ అనుకుని బట్ట మార్చుకోకుండా నిలబడతారు. అప్పుడు ఒకే మనిషి ఒకే ఫ్రేములో నాలుగు చోట్ల ఒకే ఎర్ర తలపాగాతో తేలతాడు, ఆ ముక్క మళ్లీ తీయాల్సొస్తుంది. పాత రోజుల్లో నిజంగానే జనాన్ని తెచ్చేవారు: గాంధీ మీద తీసిన ఇంగ్లీషు సినిమాలో అంత్యక్రియల దృశ్యానికి 3 లక్షల మందికి పైగా వచ్చారు, గిన్నిస్ రికార్డు ఇప్పటికీ దానిదే. ఇప్పుడు 200 మందితో ఆ పని కానిచ్చేస్తున్నారు కనుకే 200 మందీ నాలుగింతలు నిలబడాలి.

గుర్రాలుంటే వెనక వైపు వెళ్లొద్దు, ఉత్తరీయం విసరొద్దు. కాగడాలుంటే సింథటిక్ గుడ్డ దూరం. సింథటిక్ అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తుంది. దుమ్ము కోసం ఫ్యాన్ల ముందు ముల్తానీ మట్టి ఎగరేస్తారు, పొగ వదులుతారు. ఆయాసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ని సంచిలో కాదు, పంచె రొండిన పెట్టుకోవాలి. సంచి టెంటులో ఉంటుంది, టెంటు అరకిలోమీటరు అవతల.

తిండి, నీడ, కాళ్లు

భోజనం గురించి చెడు చెప్పడానికి ఏమీ లేదు. పొద్దున్న ఇడ్లీ, పొంగల్, ఉప్మా. మధ్యాహ్నం పప్పు, రెండు కూరలు, సాంబారు, పెరుగు, ఒక రోజు కోడికూర. నాలుగింటికి టీ, బిస్కెట్లు. ప్రొడక్షన్ కుర్రాళ్లు "పెద్దాయనా, ఇంకొంచెం వేసుకో" అని కొసరి మరీ వడ్డిస్తారు. గడ్డం అతికించుకున్నవాళ్లు సాంబారు జోలికి వెళ్లకండి, పెరుగన్నం చిన్న ముద్దలు మేలు.

నీడ మాత్రం తక్కువ. టెంటులో కుర్చీలు వచ్చినవాళ్లలో మూడోవంతుకి కూడా చాలవు. చెప్పులు టేకు ముందు వదలాలి, నేల ఎండకి పెనంలా ఉంటుంది. చెప్పులు ఫ్రేములో ఉండిపోతే మాత్రం 13వ శతాబ్దంలో హవాయి చెప్పులు కనిపిస్తాయి. గంప కింద దాచేయడం అందరూ చేసేదే. ఫోన్లు పొద్దున్నే సంచుల్లో వేసి సీలు వేస్తారు. ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే సంప్రదించడానికి ఏజెంటు నంబరు ఇంట్లోవాళ్లకి ఇచ్చి వెళ్లాలి. కుటుంబం విడివిడిగా పడుతుంది కనుక, "విరామం అంటే నీళ్ల ట్యాంకు దగ్గర" అని ఒక గుర్తు ముందే అనుకోవడం ఇక్కడ ఫోనుకంటే బాగా పనిచేస్తుంది.

పిల్లలు

బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నిబంధనలు మార్చారు. వాటి ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలతో షూటింగు చేయాలంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకి మించకూడదు. ప్రతి ఐదుగురు పిల్లలకి చూసుకునే బాధ్యత గల మనిషి ఒకరుండాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో వాళ్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

ఏజెంటు లిస్టులో పిల్లల పేర్లు లేవు. "అమ్మతో వచ్చిన పాప" అంటే పాప పనికి రాలేదని లెక్క. గంటల లెక్కా లేదు, డిపాజిటూ లేదు. కానీ అమ్మ చంకనెక్కి షాటులో ఉంది, 6 నుంచి 6 దాకా వేషంలోనే ఉంది. ఇదే మార్కు వేయకపోవడానికి కారణం. పిల్లల పేరు, వయసు, గంటలు విడిగా రాయమని అడగండి. రాయనంటే పిల్లల్ని ఇంట్లో అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లండి. మరీ ఇబ్బంది కనబడితే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. చట్టం పక్కన పెట్టినా, పదేళ్లలోపు పిల్లలకి ఇది సరదా కాదు. మధ్యాహ్నం 2 దాకా ఉత్సాహం, ఆ తర్వాత నిద్ర, చెమటకాయలు, ఏడుపు. పన్నెండు దాటినవాళ్లకి బాగుంటుంది, వాళ్లకి ఆ నాలుగు చోట్ల నిలబడే పని మహా ఇష్టం.

డబ్బు

ప్యాకప్ అయ్యాక వోచరు మీద సంతకం. సంతకం పెట్టేముందు అంకె చదవండి. రోజుకి వెయ్యి అని మాట్లాడుకుని, వోచరులో 1,500 అని ఉందనుకోండి, మధ్యలో తేడా ఎవరిదో అడిగే హక్కు మీకుంది. అడిగితే ఏజెంటు కమిషన్, బస్సు, కో-ఆర్డినేటర్ అని మూడు పేర్లు చెబుతాడు. ఆ మూడూ మెసేజీలో లేవన్నదే ఫిర్యాదు. మొదటి రోజు 6 దాటింది, రెండో రోజు 9 దాటింది. ఒకటిన్నర కాల్షీటు గురించి ఆనాడు "చూద్దాం" అన్న మనిషి ఇప్పుడు "కంపెనీ ఇవ్వలేదు సార్" అన్నాడు. ప్యాకప్ చెప్పిన టైము కాగితం మీద రాసి, పక్కన ఇద్దరు ముగ్గురు సంతకాలు పెట్టించుకుంటే ఆ మాట అంత సులువుగా రాదు. డబ్బు అదే రోజు అన్నారు, మూడు వారాలకి యూపీఐలో వచ్చింది. కుటుంబం మొత్తానిది ఒకే నంబరుకి వేశారు. ఎవరి డబ్బు వాళ్లకి వేయమని ముందే విడిగా నంబర్లివ్వండి, ముఖ్యంగా తాతకీ నాయనమ్మకీ.

ఇచ్చిన నగలు, తలపాగా, ఉత్తరీయం లెక్కపెట్టి అప్పగించి టోకెన్ వెనక్కి తీసుకోండి. టోకెన్ లేకుండా బస్సెక్కితే పోయిన ఇత్తడి కడియం ఖరీదు కూడా మీ కూలిలోంచే పోతుంది.

ఇదే ఏజెంటు దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చా అంటే, పెద్దవాళ్లు నలుగురైతే వెళ్లొచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యన, ఒక్క రోజు పనికి, కాల్షీటు ముగిసే టైము మెసేజీలో రాసిచ్చాకే.